మానని వాపు: సీఓపీడీ రోగుల ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోంది?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. సీఓపీడీ అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. ఏళ్ల తరబడి దగ్గు, కఫం, ఆయాసంతో బాధపడే ఈ రోగుల శ్వాసనాళాల్లో ఎడతెగకుండా సాగే ఇన్‌ఫ్లమేషన్ గురించి, అంటే లోపలి వాపు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి శ్వాసకోశ వ్యాధుల నిపుణురాలు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఫోన్లు తీసుకునే ముందు ఒక సందేహం. ఉబ్బసంలోనూ వాపే, సీఓపీడీలోనూ వాపే అంటారు. రెండూ ఒకటేనా?

వైద్యురాలు: కాదండీ. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామందికి తగిన చికిత్స అందడం లేదు. ఉబ్బసంలో ఎక్కువగా ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వాపును నడిపిస్తాయి. ఆ వాపు స్టెరాయిడ్ మందుకు బాగా లొంగుతుంది. సీఓపీడీ రోగుల్లో చాలామందికి పొగ వల్ల న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే కణాలు శ్వాసనాళాల్లోకి చేరతాయి. సూక్ష్మక్రిములను చంపడానికి న్యూట్రోఫిల్స్ వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైము, గాలి గదుల గోడలకు సాగే గుణాన్నిచ్చే పదార్థాన్ని కూడా కరిగించేస్తుంది. ఆ ఎంజైమును అదుపు చేయడానికి మన కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీనును తయారుచేస్తుంది గానీ, పొగ ఆ ప్రొటీనును కూడా నిర్వీర్యం చేస్తుంది. అలా కరిగిపోయిన గోడలు మళ్లీ ఏర్పడవు. పైగా ఈ రకం వాపు స్టెరాయిడ్‌కు అంత సులభంగా లొంగదు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ ఖమ్మం జిల్లా నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా అమ్మకు సీఓపీడీ అని చెప్పారు. ఆమె జీవితంలో బీడీగానీ చుట్టగానీ ముట్టలేదు. కట్టెల పొయ్యి మీద వండేది. ఇప్పుడు గ్యాస్ పొయ్యి వచ్చింది, పొగ లేదు, అయినా దగ్గు పోవడం లేదు. రోగ నిర్ధారణలో పొరపాటు జరిగిందేమో అనిపిస్తోంది.

వైద్యురాలు: బాబూ, ఈ జబ్బు పొగతాగేవాళ్లదేనన్న అభిప్రాయం వల్ల మన గ్రామాల్లో వేలాది ఆడవాళ్ల ఆయాసాన్ని వయసు మీద పడటమనుకుని వదిలేస్తున్నారు. గాలి సరిగా ఆడని వంటింట్లో కట్టెలు, పిడకలు, పత్తి కట్టె కాల్చినప్పుడు వచ్చే పొగలోని సన్నని కణాలు బీడీ పొగలాగే శ్వాసనాళాలను రేపుతాయి. ఇక పొయ్యి మారినా దగ్గు ఎందుకు పోలేదంటే, పొగ ఆగిన తర్వాత కూడా ఈ వాపు చాలామందిలో ఏళ్ల తరబడి కొనసాగుతుంది. కఫం తయారుచేసే గ్రంథులు పెరిగిపోయి ఉంటాయి, దాన్ని పైకి నెట్టే సన్నని నూగు దెబ్బతిని ఉంటుంది, అక్కడ సూక్ష్మక్రిములు తిష్ఠ వేసి ఉంటాయి. అలాగని పొయ్యి మార్చడం వృథా అనుకోకండి. జబ్బు ముదిరే వేగాన్ని తగ్గించేది అదే. నీళ్లు కాచడానికైనా మళ్లీ కట్టెలు వాడుతున్నారేమో చూడండి. నిర్ధారణ విషయంలో మీ అనుమానం తీరాలంటే స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గాలి ఊదించి చేసే శ్వాస పరీక్ష, చేయించారా అని అడగాలి. శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు పీల్చిన తర్వాత చేసిన పరీక్షలో, మొదటి సెకనులో వదిలిన గాలి మొత్తం వదిలిన గాలిలో 70 శాతం కన్నా తక్కువ ఉంటే తప్ప ఈ పేరు ఖాయం చేయకూడదు. ఎక్స్‌రే ఒక్కటే చూసి చెప్పడం సరిపోదు. ఆమెకు ఎప్పుడైనా క్షయ వచ్చి తగ్గిందా?

శ్రోత: చిన్నప్పుడు వచ్చిందని మా అమ్మమ్మ చెప్పేదండీ.

వైద్యురాలు: అయితే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తగ్గిపోయిన క్షయ కూడా శ్వాసనాళాలను ఇరుకు చేసి ఇలాంటి ఆయాసాన్నే మిగిల్చగలదు.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి మరొకరు ఎదురుచూస్తున్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. మా నాన్నకు పదేళ్లుగా ఆయాసం. బీడీలు ఇంకా మానలేదు. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా మెడికల్ షాపులో చిన్న తెల్ల మాత్రలు తెచ్చుకుంటాడు. రెండు రోజుల్లో తేరుకుంటాడు. అవి స్టెరాయిడ్ అని ఈ మధ్యే తెలిసింది. వాపును తగ్గించేవే కదా, వాడితే తప్పేముంది అంటాడు.

వైద్యురాలు: అమ్మా, మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే మా ఓపీలో నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఇదే. మీ నాన్నగారి మాటలో కొంత నిజముంది. ఆయాసం ఉన్నట్టుండి ముదిరినప్పుడు వాపు ఒక్కసారిగా ఎగదన్నుతుంది, అప్పుడు స్టెరాయిడ్ మాత్ర మేలు చేస్తుంది. అయితే ఆ అవసరం కొద్ది రోజులే. స్విట్జర్లాండ్‌లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి సమయాల్లో రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను 5 రోజులు ఇచ్చినా 14 రోజులు ఇచ్చినంత ఫలితమే కనిపించింది. అది కూడా డాక్టరు చూసి ఇవ్వవలసిన మందు. తోచినప్పుడల్లా వేసుకుంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లాలు వస్తాయి, తొడల కండ కరుగుతుంది, క్షయ దాగి ఉంటే తిరగబెడుతుంది. ఇన్ని నష్టాలు భరించినా, రోజూ లోపల సాగే వాపు ఆ మాత్రల వల్ల ఆగదు. పొగ వల్ల శ్వాసనాళాల కణాల్లో స్టెరాయిడ్ పనిచేయడానికి తోడ్పడే ఒక ఎంజైము బలహీనపడుతుంది. అందుకే బీడీ తాగుతూ వేసుకునే స్టెరాయిడ్, మంట కింద కట్టెలు ఎగదోస్తూ పైన నీళ్లు చల్లడం వంటిది.

శ్రోత: అయితే రేపటి నుంచే మాత్రలు మానిపించమంటారా?

వైద్యురాలు: తొందరపడకండి. చాలాకాలంగా తరచూ వాడుతున్నవారిలో శరీరం తన సహజ స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రమాదాలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. వెళ్లినప్పుడు రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ సంఖ్య కూడా చూడమనండి. సీబీసీ అనే మామూలు పరీక్షలోనే అది ఉంటుంది. రిపోర్టులో మొత్తం తెల్ల కణాలు 8,000, అందులో ఇసినోఫిల్స్ 4 శాతం అని ఉంటే, లెక్క 320 అవుతుంది. తరచూ ఆయాసం ముదిరే రోగిలో ఈ సంఖ్య 300 దాటితే, శ్వాసనాళాలను వెడల్పు చేసే మందులకు తోడుగా పీల్చే స్టెరాయిడ్ ఇస్తే మంచి ఫలితం ఉంటుంది. 100 కన్నా తక్కువైతే ఆ స్టెరాయిడ్ వల్ల ప్రయోజనం స్వల్పం, పైగా న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది. మధ్యలో ఉన్నవారి విషయంలో డాక్టరు రోగి చరిత్రను బట్టి నిర్ణయిస్తారు. మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. కడుపులో నులిపురుగులున్నా ఈ కణాలు పెరుగుతాయి, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న రోజుల్లో పరీక్ష చేస్తే తగ్గి కనిపిస్తాయి. కాబట్టి వేసుకున్న మాత్రల సంగతి దాచవద్దని మీ నాన్నగారికి చెప్పండి. పీల్చే మందులో స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాములలో ఉంటుంది. ఇన్‌హేలరంటే భయపడి మాత్ర మింగేవారు ఈ తేడాను గమనించాలి. పీల్చిన తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత వచ్చే అవకాశం తగ్గుతుంది.

వ్యాఖ్యాత: శ్రీకాకుళం నుంచి ఒక సోదరి.

శ్రోత: పసుపు పాలు వాపును తగ్గిస్తాయంటారు కదండీ. మా ఆయనకు అవి ఇస్తే చాలా?

వైద్యురాలు: ఇవ్వండమ్మా, హాని లేదు. అయితే పసుపులోని కర్కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. సీఓపీడీకి అది మందు కాదు. ఇన్‌హేలర్ మాని పాలు ఇవ్వకండి. ఆయనకు ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోనియా నుంచి కాపాడే న్యూమోకాకల్ టీకా వేయించండి. వాపు ఎగదన్నడానికి చాలాసార్లు వైరస్‌లే కారణం.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒక పెద్దాయన.

శ్రోత: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఈ జబ్బుకు కొత్త ఇంజెక్షన్ వచ్చిందంటున్నాడు. నిజమేనా అమ్మా?

వైద్యురాలు: నిజమేనండీ. డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌ను సీఓపీడీకి అమెరికా 2024 సెప్టెంబరులో ఆమోదించింది. అది ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి, పీల్చే మందులన్నీ సక్రమంగా వాడుతున్నా ఆయాసం పదేపదే ముదిరేవారికే. ఖరీదు కూడా చాలా ఎక్కువ. ముందు మీరు ఇన్‌హేలర్ పీల్చే తీరును డాక్టరు ఎదుట ఒకసారి చేసి చూపించండి. పీల్చే పద్ధతి సరిగా లేక మందు గొంతులోనే ఉండిపోయే రోగులు ఎందరో ఉన్నారు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ పెద్దపల్లి జిల్లా నుంచి.

శ్రోత: నేను బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాను మేడమ్. సీఓపీడీకి మందులు వాడుతున్నాను. ఆయాసం కన్నా ఇప్పుడు కాళ్ల నీరసమే ఎక్కువైంది. ఏడాదిలో బాగా చిక్కిపోయాను.

వైద్యురాలు: అయ్యా, బొగ్గు ధూళి కూడా ఈ జబ్బుకు కారణమవుతుంది. కొందరిలో వాపు ఊపిరితిత్తులతో ఆగదు, వాపును పెంచే రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఆయాసానికి భయపడి మీరు కదలకుండా కూర్చోవడం దానికి తోడై తొడల కండ కరిగిపోతుంది. ఈ జబ్బున్నవారిలో గుండెపోట్లు ఎక్కువగా కనిపించడానికి ఆ వాపు కూడా ఒక కారణమని భావిస్తున్నాం. అయితే చిక్కిపోవడాన్ని సీఓపీడీ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. క్షయ, ఊపిరితిత్తుల క్యాన్సర్ లేవని తేల్చుకోవాలి. ఈ వారంలోనే ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేయించుకోండి.

శ్రోత: నడిస్తే రొప్పు వస్తుంది. ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయని భయం.

వైద్యురాలు: నడక వల్ల ఊపిరితిత్తులు పాడవవు. పల్మనరీ రిహాబిలిటేషన్ పేరుతో మేము ఇచ్చే శిక్షణలో ముఖ్యమైన భాగం అదే. మాటలు తడబడనంత వేగంతో, డాక్టరు చెప్పిన ఇన్‌హేలర్ తీసుకున్న తర్వాత, చదునైన చోట కొద్ది నిమిషాలతో మొదలుపెట్టండి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం కూడా రోజూ చేయండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవండి. ఒకేసారి కడుపు నిండా తింటే ఆయాసం పెరుగుతుంది కాబట్టి గుడ్డు, పప్పు, పాలు, పెరుగు వంటివి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తీసుకోండి. తెమడ పచ్చగా మారి, పరిమాణం పెరిగి, ఆయాసం కూడా ఎక్కువైతే అది వాపు ఎగదన్నిందనడానికి గుర్తు. ఆ పచ్చదనం న్యూట్రోఫిల్స్‌లోని ఎంజైము వల్ల వచ్చేదే. అలాంటప్పుడు యాంటీబయాటిక్ అవసరం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ఆక్సిజన్ పెడితే, సీఓపీడీ ఉందని ముందే చెప్పండి. మీలాంటివారికి ఆక్సిజన్ స్థాయిని 88 నుంచి 92 శాతం మధ్య ఉంచడమే క్షేమం, అంతకు మించి ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంది.

శ్రోత: సరే మేడమ్, రేపు పొద్దున్నే ఎక్స్‌రేకు వెళ్తాను.

వైద్యురాలు: వెళ్లండయ్యా. పాత ఎక్స్‌రేలు ఉంటే వాటిని కూడా తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే కొత్తగా వచ్చిన మచ్చ ఏదో తెలుస్తుంది.