మనసు కుదుటపడింది, లెక్క జారుతోంది

యాంకర్: పరకాల నుంచి కాల్. అన్నా, ముందు రేడియో సౌండ్ తగ్గించండి. ఇప్పుడు చెప్పండి.

కాలర్: నమస్తే సార్. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి, అంటే కమీషన్ దుకాణంలో గుమస్తాను. డిప్రెషన్‌కు ఐదు నెలలుగా గోలీలు వాడుతున్నా. ఇప్పుడు నిద్ర పడుతోంది, అన్నం తినబుద్ధవుతోంది. కానీ కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి ‘ముప్పై ఎనిమిదిన్నర’ అని కేకేస్తాడు, నేను లెక్క రాసే తక్‌పట్టీ చీటీ మీద పెన్ను పెట్టేసరికి ఆ అంకె ఉండదు. మళ్లీ అడిగితే నవ్వుతున్నారు. గోలీలే మతిమరుపు తెస్తున్నాయా? మానేద్దామనుకుంటున్నా.

డాక్టర్: ఆగండాగండి. పోయిన సీజన్ మిర్చి రేట్లు యాదికున్నాయా?

కాలర్: అన్నీ ఉన్నాయి సార్.

డాక్టర్: అయితే గోదాం బాగానే ఉంది. ఇబ్బందంతా గుమ్మం దగ్గరే. విన్న అంకెను రాసేదాకా పట్టి ఉంచేది వర్కింగ్ మెమరీ. అక్కడ చోటు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు అక్కడ ఒకేసారి పట్టేవి ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే మరో సైకాలజిస్టు దాన్ని నాలుగుకు దించాడు. ‘నా బతుకింతే’ అన్న ఆలోచన వచ్చి అక్కడే తిష్ఠ వేస్తే ఇక ముప్పై ఎనిమిదిన్నర ఎక్కడ పడుతుంది?

యాంకర్: కానీ దిగులు తగ్గిందంటున్నారు కదా?

డాక్టర్: దిగులు ముందు తగ్గుతుంది, ఈ పట్టి ఉంచే శక్తి చాలామందిలో వెనకాల మెల్లగా తిరిగొస్తుంది. ఏడుపు ఆగగానే ఇంట్లోవాళ్లు నయమైందనేస్తారు, నాకు అక్కడే చిరాకు. ఇలాంటివి మిగిలి ఉండగా మందు ఆపితే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నెలలైనా వాడమంటాం. మగతగా ఉంటే మీ డాక్టర్‌కు చెప్పండి, మార్చాలో వద్దో ఆయన చూస్తారు. థైరాయిడ్, బీ12 పరీక్షల గురించీ అడగండి.

కాలర్: ఫోన్లో బ్రెయిన్ గేమ్స్ ఆడమని మా బిడ్డ అంటోంది.

డాక్టర్: ఆడితే ఆ గేమ్‌లో స్కోరు పెరుగుతుంది. తక్‌పట్టీ దాకా వస్తుందని నాకు పెద్దగా నమ్మకం లేదు. అంకె వినగానే దడ్వాయికి తిరిగి చెప్పండి, చెబుతూనే రాయండి. నవ్వితే నవ్వనీయండి. లెక్క తప్పితే రైతు నవ్వడు కదా.

యాంకర్: మళ్లీ దిగులు ముంచుకొస్తే రాత్రయినా సరే, టెలీ మానస్‌కు, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండన్నా. ఉచితం. 14416.

కాలర్: ఒకటి, నాలుగు, నాలుగు... ఒక్క నిమిషం సార్, పెన్ను... ఒకటి, ఆరు. రాసిన.