చివరి చేపను ముందు ఎంచుకోండి

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చే ముందు మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలోకి దిగి, ఆటుకు మిగిలిపోయిన ఒక నీటిగుంట పక్కన కాసేపు కూర్చున్నాను. ఒంటి మీద నల్లచారలున్న బొటనవేలంత చేపలు ఆరేడు కనిపించాయి. వాటిలో ఒకటి రాతి చూరు కింద తన ఇల్లు చేసుకుంది. ఇంకొకటి జానెడు దూరంలోకి వస్తే చాలు, బాణంలా దూసుకొచ్చి తరిమేస్తోంది. తరిమించుకున్నది గుంట అవతలి అంచున ఉన్న పగులులోకి దూరిపోతోంది. అక్కడ దాక్కోవడానికి చోటుంది, పోటు వస్తే సముద్రమంతా దానిదే. మన ఇంట్లో మూడడుగుల గాజుతొట్టిలో తరిమించుకున్న చేపకు ఆ అవతలి అంచు లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

పగడాల తొట్టి, అంటే ఉప్పునీళ్లలో పగడాలతో పాటు చేపలను పెంచే గాజుతొట్టి, పెట్టాలనుకునేవారు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ చేప, ఆ చేప కలిసి ఉంటాయా?" రెండు పేర్లు విని దీనికి జవాబు చెప్పలేం. తొట్టి ఎంత, దాక్కునే చోట్లు ఎన్ని, ఏది ముందు వచ్చింది, ఏది తరవాత వచ్చింది అనేవి తెలిస్తేనే చెప్పగలం. వీటిలో ఎక్కువమంది పట్టించుకోనిది వరస.

నా మొదటి తొట్టిలో నేను చేసిన తప్పు చెబుతాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 190 లీటర్లు, రాళ్లు పేర్చాక అంతకంటే బాగా తక్కువ. కొత్త తొట్టిని గట్టి చేపలతో మొదలుపెట్టాలని దుకాణంలో చెప్పారు, నేను మూడు నీలం డాంసెల్‌లు తెచ్చాను. అవి నిజంగానే గట్టివి, దేనికీ చావలేదు. నెలన్నర తరవాత ఒక ఫైర్‌ఫిష్‌ను తెచ్చి వదిలాను. తెల్లని ఒళ్లు, వెనకవైపు నిప్పురంగు, వీపు మీద నిక్కబొడుచుకున్న సన్నని ముల్లు. ఎవరి జోలికీ పోని చేప. అప్పటికే ఆ మూడు డాంసెల్‌లు తొట్టిని వాటాలు వేసుకుని ఉన్నాయి. మర్నాడు తెల్లవారాక ఫైర్‌ఫిష్ తొట్టి వెనక నేల మీద ఎండిపోయి దొరికింది. భయపడితే పైకి ఎగరడం దాని స్వభావం. తొట్టి మీద నేను వల కప్పలేదు. ఆ చావుకు కారణం డాంసెల్‌లు కాదు, నేను పెట్టిన వరస.

అందుకే కాగితం తీసుకుని చివరి చేప పేరు ముందు రాయమంటాను. మీకు కావలసినవాటిలో అన్నిటికంటే పొగరుబోతు ఏది? అది ఆఖరున రావాలి. అన్నిటికంటే భయస్థురాలు ఏది? అది మొదట రావాలి, తన మూల తాను చూసుకోవాలి. కొత్త తొట్టిని సిద్ధం చేయడానికి చేప అవసరమే లేదు. రేవులో కొన్న ఒక రొయ్య ముక్క నీళ్లలో కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. రాళ్ల మీద పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే మొదటి చేప. ఈ ఆరు వారాలు ఓపిక పట్టలేక ఒక ప్రాణిని ఆ విషపు నీళ్లలో వదలడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఎవరితో ఎవరికి పడదు? పోలికలున్నవాటికే పడదు. ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి ఉన్న చేపను చూస్తే తన గూటికీ తన ముద్దకీ పోటీ వచ్చిందనుకుంటుంది. గోబీ, క్లౌన్ పక్కపక్కనే బతుకుతాయి, ఎందుకంటే ఒకటి ఇసుక మీద, ఇంకొకటి నడిమి నీళ్లలో ఉంటాయి. రెండు టాంగ్‌లు మాత్రం తోక మొదట్లో ఉండే కత్తిలాంటి ముల్లుతో ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. పిల్లలు సినిమాలో చూసి అడిగే నీలం టాంగ్ దుకాణంలో రెండంగుళాలే ఉంటుంది. పెరిగితే 30 సెంటీమీటర్లు. మూడడుగుల తొట్టిలో అది నాలుగు ఈతలు కొడితే గోడ తగులుతుంది. దాన్ని కొనకండి. ఎంత ఏడ్చినా పిల్లలకు నచ్చజెప్పండి.

క్లౌన్ చేపల దగ్గర కాస్త ఆగుతాను, ఎక్కువమంది ఇళ్లకు వచ్చేది అదే కనుక. పుట్టినప్పుడు అన్నీ మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, అది పోతే దాని జోడు మగది ఆడదవుతుంది. కాబట్టి రెండు పిల్లచేపలను, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది చూసి ఒకేసారి తెచ్చుకోండి. కొన్నాళ్లకు చిన్నది పెద్దదాని ముందు పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తుంది. జబ్బు చేసిందని కంగారుపడి ఫోను చేసినవారున్నారు. అది జబ్బు కాదు, "నీ పెత్తనం ఒప్పుకున్నాను" అని చెప్పడం. అది కనిపిస్తే జోడీ కుదిరినట్టే. మూడోది తెచ్చారంటే దాన్ని కొట్టి చంపేస్తాయి. సముద్రంలో క్లౌన్ ఆశ్రయం పొందేది ఎనిమోన్ అనే పువ్వులాంటి ప్రాణి దగ్గర. తొట్టిలో పుట్టి పెరిగిన క్లౌన్‌కు అది లేకపోయినా లోటు లేదు. ఎనిమోన్ చోటు మారుతూ తిరిగి పగడాలను కాల్చేస్తుంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల పెంపకాన్ని ఎప్పుడో సాధించింది. సముద్రంలో పట్టినదాని కంటే తొట్టిలో పుట్టినదాన్నే అడగండి.

నాకు ప్రాణమైన జంట వేరే ఉంది: పసుపు గోబీ, పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు చాలా తక్కువ. పగలంతా బొరియ తవ్వి ఇసుక బయటికి నెడుతూ ఉంటుంది. బయటికి వచ్చినప్పుడు ఒక మీసం గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి జారుకుంటుంది, వెనకే గోబీ. గంటలకొద్దీ కూర్చుని చూశాను, ఆ మీసం వదలడం చూడలేదు. ఇంత నమ్మకం ఉన్న చోట ఒక ట్రిగ్గర్ చేపను తెచ్చి వేస్తే ఆ రొయ్య దానికి పలహారం.

పగడాలుంటే ఇంకో జాగ్రత్త. సీతాకోక చేపల్లో చాలావాటికి పగడాల పాలిప్‌లే, అంటే పగడంలో ఉండే చిన్నచిన్న ప్రాణులే, తిండి. లయన్‌ఫిష్ పగడాన్ని ముట్టదు, కానీ దాని నోట్లో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. మాండరిన్ ఎవరినీ ఏమీ అనదు. అయితే అది రాళ్ల మీద ఉండే కోపెపాడ్‌లనే చిట్టి ప్రాణులను రోజంతా ఏరుకుని తింటుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు కనుక మన కళ్ల ముందే పొట్ట లోపలికి పోయి చచ్చిపోతుంది. ఏడాదైనా నిండని తొట్టికి దాన్ని తీసుకురావద్దు. గట్టి పగడాలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన ప్రాణులని మరిచిపోవద్దు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేనివారి దగ్గర ఒక్క ముక్క కూడా కొనకండి.

కొత్త చేప ఏదైనా నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. తెల్లమచ్చల జబ్బుకు వేసే రాగి మందు రొయ్యలనూ పగడాలనూ చంపుతుంది, కాబట్టి అసలు తొట్టిలో వైద్యం కుదరదు. పెద్ద తొట్టిలోకి మార్చే రోజున కొన్ని రాళ్లు అటూ ఇటూ మార్చండి. పాతవాటి సరిహద్దులు చెరిగిపోయి, అందరూ కొత్తవారే అవుతారు.

ఎన్ని చేపలు? దీనికి నా కొలత మన ఊరు నేర్పింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతూ పోతుంది, నీళ్లు వేడెక్కితే ఇంకా తొందరగా తగ్గుతుంది. మే నెలలో ఫ్యాను పెట్టి నీళ్లు చల్లబరుద్దామంటే మన గాలిలోని తేమ వల్ల ఆవిరి సరిగా లేవదు. అందుకే నీళ్లు చల్లబరిచే యంత్రం, చిల్లర్ కోసం డబ్బు దాచుకోండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చేపలు ఎక్కువైతే ఆ ప్రాణవాయువు ఇంకా తొందరగా అయిపోతుంది, అందుకే నా మూడడుగుల తొట్టికి అయిదు చిన్న చేపలు దాటనివ్వను. ఇంకో మాట, బీచ్ నుంచి బకెట్‌తో నీళ్లు తేవద్దు. వానలు, వరద నీళ్లు కలిసే నెలల్లో మన తీరంలో ఉప్పు బాగా పడిపోతుంది. ఆర్వో నీళ్లలో తొట్టి కోసమే అమ్మే సముద్రపు ఉప్పు కలిపి 1.025 సాంద్రతకు తెచ్చుకోవడమే మేలు.

ఇప్పుడు నా తొట్టిలో క్లౌన్ జంట, గోబీ, దాని రొయ్య, రాతి సందులో ఒక ఫైర్‌ఫిష్ ఉన్నాయి. ఈసారి వల కప్పే ఉంది. జాబితాలో ఆఖరి పేరు ఆరు గీతల రాస్ అనే చేప. చిన్నదే కానీ కోపిష్టిది. రెండేళ్లుగా ఆ పేరు కాగితం మీదే ఉంది. ఫైర్‌ఫిష్ ఇప్పుడు తిండి కోసం మొహమాటం లేకుండా మధ్యకు వస్తోంది. అది చూసినప్పుడల్లా దుకాణం వైపు అడుగు పడటం లేదు.

మీరు రాసుకొచ్చిన జాబితాలు బయటికి తీయండి. ముందు వరసవారి నుంచి ఒక్కొక్కటే కలిసి చూద్దాం.