మెడ మీద చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

మనిషిని బయటికి పంపడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. గెంటేస్తాం, తరిమేస్తాం, వెళ్ళగొడతాం, వెలివేస్తాం. ఉద్యోగంలోంచి అయితే పీకేస్తాం. కాస్త మర్యాద పాటించాలనుకుంటే ఉద్వాసన పలుకుతాం. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది అర్ధచంద్ర ప్రయోగం. బొటనవేలు, చూపుడువేలు చాపితే నెలవంక ఆకారం వస్తుంది కదా, దాన్ని ఎదుటివాడి మెడకు తగిలించి వీధిలోకి తోయడమన్నమాట. ఆ మాట వినగానే తోసినవాడి చెయ్యి కళ్ళకు కడుతుంది. ఇంగ్లిషు, జర్మన్ భాషల్లోనూ ఇలాంటి క్రియలు బోలెడున్నాయి. వాటిలో ఎక్కడ చెయ్యి కనిపిస్తుంది, ఎక్కడ దాక్కుంటుంది, అదీ ఈ పూట సంగతి.

ఇంగ్లిషువాళ్ళకు ఈ పనికి రెండు రకాల మాటలున్నాయి. వీధిలో వాడేవి త్రో అవుట్, కిక్ అవుట్ లాంటివి. కోర్టులో, ఆఫీసులో వాడేవి ఎజెక్ట్, ఎక్స్‌పెల్, ఎవిక్ట్, డిపోర్ట్. ఈ రెండో రకం లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ఎజెక్ట్‌లో విసరడం ఉంది, ఎక్స్‌పెల్‌లో నెట్టడం ఉంది, డిపోర్ట్‌లో మోసుకుపోవడం ఉంది. కానీ ఈ రోజు ఇంగ్లిషు మాట్లాడేవాడి చెవికి అవేవీ వినిపించవు. కాగితం, దాని మీద స్టాంపు, అంతే.

జర్మన్లు అలా అరువు తెచ్చుకోవడం తక్కువ. బయటికి అనే అర్థమున్న రౌస్ అన్న చిన్న ముక్కను ఏదో ఒక క్రియకు తగిలిస్తారు. విసిరితే రౌస్‌వెర్ఫెన్, మోటుగా విసిరికొడితే రౌస్‌ష్మైసెన్, వెంటబడి తరిమితే రౌస్‌యాగెన్. రౌస్‌ఏకెల్న్ అని ఇంకొకటుంది, గడుసు మాట. ఏకెల్ అంటే అసహ్యం, రోత. మనిషిని ఎవరూ ముట్టుకోరు, పొమ్మనరు. ఇక ఇక్కడ ఉండలేను బాబోయ్ అని తనే సంచి సర్దుకునేలా చేస్తారు. మన పొమ్మనలేక పొగబెట్టడం అచ్చంగా ఇదే! ఇంకా నాజూకైనది హినౌస్‌కోంప్లిమెన్‌టీరెన్. చిరునవ్వుతో పొగుడుతూ పొగుడుతూ గుమ్మం దాటించడం. ఆఫీసుల్లో వెక్‌లోబెన్ అంటారు, అంటే పొగిడి వదిలించుకోవడం. తలనొప్పి మనిషిని ఆహా ఓహో అని మెచ్చుకుని పెద్ద హోదా ఇచ్చి వేరే చోటికి పంపేస్తారు. ఇంగ్లిషువాళ్ళు ఇదే పనిని మేడమీదికి తన్నడం అంటారు. పొగడ్త కంటే తన్నే నిజాయితీగా ఉందని నాకనిపిస్తుంది.

ఇక గెంటించుకున్నవాడి సంగతి. జర్మన్‌లో వాడు ఎగురుతాడు. బడిలోంచి పేరు కొట్టేస్తే పిల్లవాడు బడి నుంచి ఎగిరాడంటారు. ఫుట్‌బాల్‌లో రెడ్ కార్డు చూపిస్తే ఆటగాడు మైదానం నుంచి ఎగిరిపోయాడంటారు. ఎగిరేవాడే కనిపిస్తాడు, విసిరినవాడు కనిపించడు.

ఎగరడమంటే గుర్తొచ్చింది, యుద్ధవిమానం ప్రమాదంలో పడితే పైలట్‌ను కుర్చీతో సహా బయటికి విసిరే ఏర్పాటు ఉంటుంది. ఇంగ్లిషులో ఎజెక్షన్ సీట్. జర్మన్‌లో ష్లోయ్డర్‌జిట్స్. అంటే వడిసెలలోంచి రాయి విసిరినట్టు విసిరే కుర్చీ. ఆపదలో దాన్ని వాడి ప్రాణం దక్కించుకున్న మొదటి మనిషి జర్మన్ పైలటే. పేరు హెల్ముట్ షెంక్. 1942 జనవరి 13న హైంకెల్ కంపెనీవారి జెట్ విమానాన్ని పరీక్షిస్తుంటే మంచు పట్టి అది మాట వినలేదు. గాలి ఒత్తిడితో పనిచేసే ఆ కుర్చీ ఆయన్ను బయటికి విసిరేసింది. ఇప్పుడు జర్మన్ పేపర్లలో ఫలానా మంత్రి ష్లోయ్డర్‌జిట్స్ మీద కూర్చున్నాడని రాశారంటే, ఆయన పదవి నేడో రేపో ఊడుతుందని అర్థం.

కిటికీలోంచి విసరడానికి కూడా ఇంగ్లిషులో ప్రత్యేకంగా ఒక క్రియ ఉంది, డిఫెనెస్ట్రేట్. ఇది బొహీమియా రాజధాని, ఇప్పటి చెక్ దేశ రాజధాని అయిన ప్రాగ్ నగరం పుణ్యమా అని వాడుకలోకొచ్చింది. 1618 మే 23న బొహీమియా ప్రొటెస్టెంట్ ప్రభువులు అక్కడి కోటలో కాథలిక్కు చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వారితో పాటు ఫబ్రీషియస్ అనే కార్యదర్శినీ కిటికీలోంచి కిందికి విసిరేశారు. దాదాపు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు! మేరీమాత కాపాడిందని కాథలిక్కులు, కింద పేడకుప్ప ఉండబట్టి బతికారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. చక్రవర్తి తర్వాత ఆ కార్యదర్శికి ప్రభు హోదా ఇచ్చి ఫోన్ హోయెన్‌ఫాల్ అని బిరుదు తగిలించాడు. ఎత్తునుంచి పడినవాడని దాని భావం. ఆయన నవ్వాడో, ఉడుక్కున్నాడో! ఆ ఘటనతో మొదలైన యుద్ధం 30 ఏళ్ళు సాగి మధ్య యూరప్‌ను తుడిచిపెట్టింది. జర్మన్లు మాత్రం ఆ పనిని ఫెన్‌స్టర్‌ష్టుర్ట్స్ అంటారు, కిటికీ పతనం. ఎవరో కాలు జారి పడ్డట్టుంది వినడానికి.

ఇంతవరకూ కాస్త నవ్వుకున్నాం. ఇప్పుడు చెప్పేదానిలో నవ్వు లేదు.

1945 జులై, ఆగస్టుల్లో, రెండో ప్రపంచయుద్ధం గెలిచిన దేశాలు బెర్లిన్ పక్కనే ఉన్న పోట్స్‌డామ్‌లో కూర్చున్నాయి. పోలెండ్, చెకోస్లొవేకియా, హంగరీల్లో ఉన్న జర్మన్లను జర్మనీకి పంపెయ్యాలని ఒప్పుకున్నాయి. ఒప్పందం ఇంగ్లిషు ప్రతిలో వాడిన మాట ట్రాన్స్‌ఫర్. మన గుమాస్తాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వేసినట్టు! పైగా అది క్రమపద్ధతిలో, మానవీయంగా జరగాలని షరతు. ఈ ఒప్పందానికి ముందే మొదలై, ఆ తర్వాత అయిదారేళ్ళ వరకూ, సుమారు 1 కోటి 20 లక్షలమంది ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు, లేదా తరిమివేయబడ్డారు. దారిలో లక్షలమంది చనిపోయారు.

ఆ వచ్చినవాళ్ళను ఏమని పిలవాలి? పశ్చిమ జర్మనీ ఫెర్‌ట్రీబెనె అంది, తరిమివేయబడినవారు. 1953లో వాళ్ళ కోసం ఆ పేరుతోనే చట్టం చేసింది. ఆదాము, అవ్వలను దేవుడు వెళ్ళగొట్టిన సందర్భంలోనూ జర్మన్లు వాడే మాట అదే. తూర్పు జర్మనీకి ఆ మాట నచ్చలేదు. తరిమినవాళ్ళలో పోలెండ్, చెకోస్లొవేకియా ఉన్నాయి, అప్పటికవి దానికి కమ్యూనిస్టు మిత్రదేశాలు. అందుకని ఊమ్‌జీడ్లర్ అంది. అంటే వేరేచోట స్థిరపడినవారు. గుమ్మం అవతలికి నెట్టించుకున్న ముసలమ్మ ఒకవైపు చేరితే బాధితురాలు, ఇంకోవైపు చేరితే ఇల్లు మారిన మనిషి. ఇంతకన్నా దిగజారిన రాజకీయం మాటల్లో నేను చూడలేదు.

అంతకుముందు నాజీలు యూదుల్ని చావు శిబిరాలకు తరలించిన పనికి జర్మన్‌లో డిపోర్టేషన్ అనే పేరు నిలిచిపోయింది. అందుకే ఇప్పుడు ఉండే హక్కు లేని విదేశీయుణ్ణి వెనక్కి పంపడానికి జర్మన్ చట్టం ఆ మాట వాడదు. ఆప్‌షీబుంగ్ అంటుంది. షీబెన్ అంటే తోయడం. ఇక్కడ మాత్రం చెయ్యి దాచలేదు. ఆ పని అక్కడ రోజూ చర్చల్లో ఉండేదే కాబట్టి, కొత్త ముసుగులు కూడా పుట్టుకొస్తున్నాయి. అక్కడి భాషావేత్తల బృందం ఏటేటా ఒక చెడ్డమాటను ఎంచి ప్రకటిస్తుంది. 2023కు వాళ్ళు ఎంచింది రెమిగ్రేషన్. తిరిగి వెళ్ళడమని దాని అసలు అర్థం. లక్షలమందిని బలవంతంగా పంపెయ్యాలన్న ఆలోచనకు అక్కడి తీవ్ర మితవాదులు ఆ పేరు పెట్టారు.

చివరగా ఒక్కటి. బార్ల దగ్గర గలాటా చేసేవాళ్ళను బయటికి ఈడ్చే బౌన్సర్‌ను జర్మన్లు రౌస్‌ష్మైసర్ అంటారు. డాన్సులు ముగిశాక, జనం ఇక ఇళ్ళకు కదలాలని వేసే ఆఖరి పాటకు కూడా అదే పేరు. నాకిచ్చిన సమయం అయిపోయింది, ఇప్పుడు మీరు వినబోయే సంగీతాన్ని అలా అనుకోనక్కర్లేదు. సెలవు.