కాలిన మచ్చ: మరకా, మాసికా?

[చేతిలో పాత చొక్కా]

"కాలిన మచ్చ పోవాలంటే ఏ క్రీమ్ రాయాలి?" ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు. అడిగేవాళ్ల మీద కాదు, "ఏడు రోజుల్లో మచ్చలు మాయం" అని ట్యూబు మీద అచ్చేసేవాళ్ల మీద. అసలు మచ్చ అనే ఒక్క మాటతో మనం రెండు వేరు వేరు సంగతులను పిలుస్తున్నాం. గొడవంతా అక్కడే.

ఈ చొక్కా చూడండి. జేబు దగ్గర సిరా మరక. మోచేతి దగ్గర చిరిగితే వేసిన మాసిక. మరకను ఉతికి వదిలించొచ్చు. మాసికను ఎన్నిసార్లు ఉతికితే పోతుంది?

మీది ఏదో తెలుసుకోవాలంటే కళ్లు మూసుకుని మచ్చను వేలితో మెల్లగా నిమరండి. చుట్టూ ఉన్న చర్మంలాగే నున్నగా తగిలితే మరక. గట్టిగా, ఉబ్బెత్తుగానో గుంటలాగానో తగిలితే మాసిక. రెండూ కలిసి ఉండొచ్చు కూడా, ఈ చొక్కాలాగే.

ముందు మరక. చర్మం కాలి, వాచి, మానేటప్పుడు రంగునిచ్చే కణాలు కంగారుపడి మెలనిన్ అనే రంగుపదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. చామనఛాయ, నల్లని చర్మాల్లో ఇది ఎక్కువ. పైపొరకే పరిమితమైతే కొన్ని నెలల్లో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గేటప్పుడు మనం ఏ ట్యూబు రాస్తుంటే ఆ ట్యూబుకు పేరొస్తుంది. బాగుంది కదా వ్యాపారం!

ఇక్కడ నా చొక్కా పోలిక తిరగబడుతుంది. బట్టను ఎండలో వేస్తే మరక వెలుస్తుంది. చర్మం మీది మరక మాత్రం ఎండకు ఇంకా ముదురుతుంది. అందుకే ఎన్ని క్రీములు రాసినా, ఎండ తగలనిస్తే వృథా. బట్టతో కప్పండి, లేదంటే ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్ రాయండి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నిమ్మరసం జోలికి మాత్రం వెళ్లకండి. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం పొక్కి, కొత్త మరక పడుతుంది.

ఇప్పుడు మాసిక. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

[మాసిక క్లోజప్]

మామూలు చర్మంలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు అల్లికలాగా అటూ ఇటూ పెనవేసుకుని ఉంటాయి. లోతుగా కాలితే ఆ అల్లిక తెగుతుంది. శరీరానికి అప్పుడు అందం పట్టదు, చిల్లు మూయడమే పని. చేతికందిన దారంతో గబగబా కుట్టేస్తుంది, పోగులన్నీ దాదాపు ఒకే వైపుకు. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఆ కుట్లు విప్పుతూ మెరుగైన దారంతో మళ్లీ కుడుతుంది. దీనికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. కాబట్టి రెండో నెలలో ఎర్రగా, గట్టిగా ఉందని టెన్షన్ పడకండి, కుట్టుపని ఇంకా నడుస్తోంది. అంతా అయ్యాక కూడా దాని బలం అసలు గుడ్డలో 80 శాతానికి మించదు. పూర్తిగా మాయం చేస్తామనేవాళ్లను నేను నమ్మనిది అందుకే.

పని నడుస్తుండగా మనం చేయగలిగిందేమిటి? సిలికాన్ జెల్ లేదా షీట్. ఇదేమీ మచ్చలోకి ఇంకిపోయే మందు కాదు. పైన పొరలా పరుచుకుని తేమను ఆరిపోనివ్వదు. తేమ నిలిస్తే కింద కుట్టేవాడి కంగారు తగ్గి, అనవసరంగా దారం మీద దారం వేయడు. గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. షీట్ అయితే రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు. వారం రాసి వదిలేస్తే లాభం లేదు. విటమిన్ ఇ నూనె అంటారా? మచ్చ తగ్గిస్తుందని గట్టి రుజువు లేదు, పైగా కొందరికి దద్దుర్లు వస్తాయి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మచ్చ పడుతుందా లేదా అన్నది చాలావరకు కాలిన లోతును బట్టి. రెండు వారాల్లోపు మానితే ఉబ్బెత్తు మాసిక అరుదు. రెండు వారాలు దాటినా మానకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే. కాలిన వెంటనే, ఆలస్యమైనా మూడు గంటల్లోపు, పారే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు పెడితే చిరుగు లోతు తగ్గుతుంది. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు.

మచ్చ గాయం అంచులు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. కీలు మీద మచ్చ బిగిసి వేలో మోచెయ్యో పూర్తిగా చాచలేకపోతే ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, లేజర్ లాంటివి ఉన్నాయి, అవి డాక్టర్ చేతిలోవి. స్టెరాయిడ్ క్రీమ్ సొంతంగా కొని రాయొద్దు, చర్మం పలచబడిపోతుంది.

ఆఁ, దురద! మానుతున్న మచ్చకు అది మామూలే. గోకకుండా, వాసన లేని మాయిశ్చరైజర్ రాసి వేలితో రెండు నిమిషాలు మెల్లగా మర్దన చేయండి.