ఆ పాత కాన్పు ఫైలు ఎక్కడ ఉంది?

అందరికీ నమస్కారం. ఆడవాళ్ల గుండె జబ్బుల గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం కాన్పు దగ్గర మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

ఆ మధ్య ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రెండు రోజులుగా దవడ లాగుతోందట. పంటినొప్పేమోనని ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. బీపీ ఉందా అంటే లేదన్నారు. షుగరూ లేదు. "మరి కడుపుతో ఉన్నప్పుడు?" అని అడిగాను. "అప్పుడుందండీ. ఎనిమిదో నెలలో మొహమంతా వాచిపోయింది, బీపీ బాగా పెరిగిందని ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తర్వాత తగ్గిపోయిందిగా!"

ఈ 'తగ్గిపోయిందిగా' అన్న మాటతోనే నా పేచీ అంతా.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. అదంతా తోయాల్సింది ఆ ఒక్క గుండే. రక్తనాళాల్లో ఎక్కడైనా లోపముంటే అప్పుడే ఒకసారి పైకి తేలుతుంది. ఇరవయ్యో వారం దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోవడం లాంటివి కనిపిస్తే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన వాళ్లకు తర్వాతి కాలంలో గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు రాని వాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు. గర్భంలో షుగరు వచ్చినా, నెలలు నిండకుండా కాన్పయినా, నలభై లోపే ముట్లు ఆగినా ముప్పు ఎక్కువే. పిల్లల టీకాల కార్డు భద్రంగా దాస్తాం. తల్లి బీపీ రాసిన కాగితం ఏ బీరువా అడుగునో పోతుంది. మేం డాక్టర్లమూ అడగం, ఆ తప్పు మాది.

కాబట్టి కాన్పులో బీపీ వచ్చిన వాళ్లు ఏటా బీపీ చూపించుకోండి, కొలెస్ట్రాల్ కూడా. షుగరు వచ్చిన వాళ్లు కాన్పయిన మూడు నెలల్లోపు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికో మూడేళ్లకో పరీక్ష చేయించుకోవాలి. సిగరెట్టు వద్దు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. ఇవి మీకు తెలిసినవే.

ఇంకొకటి. ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీనొప్పి రాదని ఫోన్లలో తిరుగుతోంది. తప్పు. వాళ్లకూ ఎక్కువగా వచ్చేది అదే. కాకపోతే నొప్పి అనరు, 'పట్టేసినట్టుంది', 'బరువుగా ఉంది' అంటారు. దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వీపు పైభాగంలో నొప్పి, వికారం, చల్లటి చెమట, అంతుపట్టని నీరసం ఉంటాయి. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి, వెంటనే అంబులెన్సు పిలవండి. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా సరే, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేయాల్సి రావచ్చు. అప్పుడు ఇంటికి వెళ్లిపోతానని తొందరపడకండి.

ఆవిడకు ట్రోపోనిన్ పెరిగి ఉంది. స్టెంటు వేశారు, కోలుకున్నారు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ పాత ఫైలు పట్టుకొచ్చారు. కాగితాలు పచ్చబడ్డాయి, అయినా బీపీ అంకె స్పష్టంగా ఉంది, 160/110. "మా అమ్మాయికి ఇప్పుడు మూడో నెలండీ" అన్నారు. తల్లికి ప్రీఎక్లాంప్సియా వస్తే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువ. అది రాకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరమా అని డాక్టరు ఆలోచించాల్సిన సమయం సరిగ్గా అదే. ఆ ఫైలు తీసుకుని కూతురి డాక్టరు దగ్గరికి ఆవిడే వెళ్లారు.