గుర్తు పెట్టాకే విప్పండి

అందరికీ నమస్కారం. ఎండెక్కక ముందే పాత బండ్లు తోలుకుని ఇంతమంది వచ్చినందుకు సంతోషం. ఈ పూట ప్లగ్గులు, కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ మూడూ మాట్లాడాలని అనుకున్నాం. కాయిల్ పుట్టించిన కరెంటును వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచేది డిస్ట్రిబ్యూటర్, దాంతోనే మొదలుపెడదాం.

మన హైదరాబాద్‌లో ఒక అలవాటు ముదిరింది. బండి మిస్సింగ్ కొడితే చాలు, డిస్ట్రిబ్యూటర్ మొత్తం పీకి పారేస్తున్నారు. ఇది అన్యాయమండీ. వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలోంచి వచ్చి ఆగిపోయిన బండికి కావలసింది కొత్త డిస్ట్రిబ్యూటర్ కాదు, ఒక పొడిగుడ్డ. దాని మీది మూత, అదే క్యాప్, విప్పి, లోపలి తడి తుడిచి, మళ్లీ బిగించి సెల్ఫ్ కొట్టండి.

క్యాప్‌ని వెలుతురు వైపు తిప్పి చూడండి. లోపల రెండు బొడిపెల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందా? కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ దారినే పారిపోతోంది. గీరినా మళ్లీ పడుతుంది, క్యాప్ మార్చాల్సిందే. నడుమ స్ప్రింగు మీద ఉన్న కార్బన్ ముక్కను వేలితో నొక్కండి, లోపలికి పోయి తిరిగి రావాలి. ఇరుక్కుపోయినా, అరిగిపోయినా, లోపల తిరుగుతూ కరెంటు పంచే రోటర్‌కి సరిగ్గా తగలదు. కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు లాంటి పాయింట్లు ఊరికే కాలిపోతుంటే, ముందు వాటి దగ్గర నిప్పురవ్వలను అణిచే కండెన్సర్‌ని అనుమానించండి. ఇవన్నీ రాణీగంజ్‌లో విడిగా దొరికే చిన్న సామాన్లు.

మరి మొత్తం ఎప్పుడు మార్చాలి? రోటర్ తీసి, షాఫ్ట్ పట్టుకుని పక్కలకు ఊపండి. ఆడితే దాన్ని పట్టి ఉంచే బుష్ అరిగిపోయినట్టు. అప్పుడు పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్ దగ్గర ఒక్కోలా ఉంటుంది, ఎంత సెట్ చేసినా నిలవదు. అప్పుడు మార్చండి, తప్పులేదు.

వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఇది దగ్గర్నుంచి చూడాల్సిన పని. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైర్లకు టేపు అంటించి నంబర్లు వేయండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, అంబాసిడర్‌కి 1-3-4-2, మూడు సిలిండర్ల మారుతి 800కి 1-3-2. ఇప్పుడు ఒకటో నంబర్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజిన్‌ని తిరగాల్సిన దిక్కుకే పానాతో మెల్లగా తిప్పించండి. గాలి వేలిని తన్నాలి. తన్నాక ఇంజిన్ ముందరి పుల్లీ మీది గుర్తును, దాని పక్కనే ఇంజిన్ మీద ఉన్న టైమింగ్ గుర్తుకు కలపండి. వేలు పెట్టకుండా పుల్లీ గుర్తొక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఒక్క చుట్టు. అంటే ఆ గుర్తు గాలి నొక్కుకున్నప్పుడే కాదు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ అప్పుడు కూడా వస్తుంది. అక్కడ బిగిస్తే బండి స్టార్ట్ కాదు, కార్బొరేటర్‌లోంచో సైలెన్సర్‌లోంచో ఢామ్మంటుంది.

ఇక అసలు మాట. రోటర్ కొన ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద ఒక గీత, బాడీ ఇంజిన్ మీద ఎలా కూర్చుందో ఇంకో గీత. సున్నమైనా సరే, నెయిల్‌పాలిష్ అయినా సరే. ఫోన్‌లో ఫోటో కూడా తీయండి, కానీ గీత మానకండి. గుర్తు పెట్టాకే విప్పండి. తీశాక ఇంజిన్‌ని కదపకండి, గేరులో ఉన్న బండిని నెట్టకండి.

ఏటవాలు పళ్ల గేరు ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగుతుంటే రోటర్ దానంతట అదే కొంత తిరుగుతుంది. చూస్తూ ఉండండి, బయటకు వచ్చిన క్షణంలో ఎక్కడ ఆగిందో అక్కడ మూడో గీత. కొత్తది దించేటప్పుడు, కొత్త ఓ రింగుకు ఆయిల్ రాసి, రోటర్‌ని ఆ మూడో గీత దగ్గర పెట్టి దించితే, కూర్చునేసరికి మొదటి గీత మీదికి తనే వస్తుంది. అంబాసిడర్‌లో ఈ చిక్కు లేదు. దాని అడుగున గేరు బదులున్న నాలుక నడిమధ్యలో ఉండదు కాబట్టి ఒక్క తీరుగానే దిగుతుంది. దిగకపోతే సుత్తి తీయకండి, రోటర్‌ని మెల్లగా తిప్పండి.

చూశారా, ప్లగ్గులకు టైం మిగల్లేదు. ఫర్వాలేదు, ఇది పూర్తిచేద్దాం. ముందు పాయింట్ల గ్యాప్, తర్వాతే టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే వేళ, ఎందుకంటే గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది. అంబాసిడర్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజ్ అనే పల్చటి కొలత రేకుతో చూడాలి. గేజ్ ఆయిల్ తుడిచి పెట్టండి, ఆ జిడ్డు పాయింట్లకు అంటితే కాలిపోతాయి. తర్వాత బ్యాటరీ కలిపి, 12 వోల్టుల బల్బు ఒక కొస కాయిల్‌లో డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కి, రెండోది బాడీకి తగిలించి ఇగ్నిషన్ స్విచ్ వేయండి. డిస్ట్రిబ్యూటర్‌ని ముందు రోటర్ తిరిగే దిక్కుకే, బల్బు ఆరేదాకా తిప్పి, ఇప్పుడు దానికి ఎదురు దిక్కున వెంట్రుకవాసి చొప్పున రండి. బల్బు వెలిగిన చోట ఆపి బిగించండి. పని కాగానే స్విచ్ ఆపండి, లేదంటే కాయిల్ వేడెక్కుతుంది.

అదిగో, ఆ బల్ల మీద ఆరు పాత క్యాప్‌లు పెట్టాం. రెండింటిలో నల్ల గీత ఉంది. తలొకటి తీసుకుని ఎండలోకి వెళ్లి వెతకండి.