ముందు వెడల్పు, ఆ తర్వాతే స్టెమ్

అధ్యక్షులకు, నిర్వాహకులకు, పొద్దున్న తొక్కిన అలసట తీరకముందే వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులకు కృతజ్ఞతలు. సీటు ఎత్తు, టైర్లలో గాలి, సస్పెన్షన్, హ్యాండిల్‌బార్, ఈ నాలుగింటి గురించీ ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు. నిర్వాహకులు మన్నించాలి. మొదటి మూడూ ఇంకెవరైనా చెప్పగలరు. నాకిచ్చిన సమయమంతా నాలుగోదానికే వాడుకుంటాను.

ఇవిగో, నా చేతిలో రెండు అల్యూమినియం ముక్కలు ఉన్నాయి. గాజుల్లా గుండ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటి 30 మిల్లీమీటర్ల పొడవు. వెనక వరుసల వాళ్లకు కనిపించవు కాబట్టి చేతి నుంచి చేతికి పంపిస్తున్నాను, చూడండి. ఇవి మా చెల్లెలి బైకువి.

చెల్లెలు నాకంటే తలకాయ ఎత్తు పొట్టి. తనకు మొదటి మౌంటెన్ బైకును నేనే బిగించి ఇచ్చాను. హ్యాండిల్‌బార్ వెడల్పు 800 మిల్లీమీటర్లు. దాన్ని ముందు ఫోర్కుకు కలిపి పట్టుకునే పొట్టి ముక్కే స్టెమ్, దాని పొడవు 50. పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే బిగించాను. అప్పట్లో నేను తొక్కేదీ 800 బారే, నా స్నేహితులందరివీ అవే. ఆ కొలత సరైనదా అన్న ప్రశ్నే నాకు రాలేదు.

కొన్ని వారాలకే తనకు భుజం నొప్పి మొదలైంది. చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి. మేము రోజూ వెళ్లే దారిలో ఎడమకు తిరిగే ఒక ఇరుకు మలుపు ఉంది. అక్కడ ముందు చక్రం జారి మూడుసార్లు పడింది. మూడోసారి లేచి, మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ, “అన్నయ్యా, ఈ ఆట నాకు చేతకాదేమో” అంది. ఆ మాట నాకు ఈరోజుకీ గుచ్చుకుంటుంది.

అప్పుడు నేను చేసిన పని ఏమిటో వినండి, మీలో చాలామంది అదే చేస్తున్నారు. స్టెమ్ మార్చాను. 50 తీసి 35 పెట్టాను. ఎందుకంటే అది తేలిక. ఆరు బోల్టులు వదులు చేసి బిగిస్తే అయిపోతుంది, నచ్చకపోతే పాతది మళ్లీ పెట్టుకోవచ్చు. రంపం పట్టుకోవాలంటే మాత్రం అందరికీ భయమే. తిన్నని దారిలో తనకు రెండు రోజులు హాయిగా అనిపించింది. తర్వాత మలుపులో అదే జారుడు. పైగా నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి అటూ ఇటూ ఊగడం కొత్తగా మొదలైంది. స్టెమ్ పొట్టిదైతే చేతులు వెనక్కి వస్తాయి, ముందు టైరు మీద బరువు తగ్గుతుంది. ఉన్న జబ్బు అలాగే ఉండగా ఇంకొకటి తెచ్చిపెట్టాను.

ఒక సాయంత్రం ఆ మలుపు దగ్గరే నిలబడి తను దిగిరావడం చూశాను. ఎడమకు తిప్పగానే కుడి చెయ్యి ముందుకు సాగి, మోచెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. ఆ చేతితో పాటు భుజం, భుజంతో పాటు నడుము కూడా లాక్కుపోయాయి. మోచెయ్యి వంగి ఉంటేనే కదా గతుకుల్ని మింగేది! చాచిన చెయ్యికి ఇక ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ మిగలదు. రాయి కొట్టిన దెబ్బ నేరుగా భుజానికి తగులుతుంది. తప్పు స్టెమ్‌ది కాదని, వెడల్పుదని అప్పటికి తెలిసింది.

మర్నాడు గ్రిప్పుల బోల్టులు వదులు చేసి, బ్రేకు లివర్లతో సహా ఒక్కో వైపు 30 మిల్లీమీటర్లు లోపలికి జరిపాను. కోయలేదు, జరిపాను అంతే. బయటికి పొడుచుకొచ్చిన కొసలకు మూతలు పెట్టి, చెట్లు లేని చోట మాత్రమే తొక్కమన్నాను. మలుపులో చెల్లెలు పడలేదు. రెండోసారీ పడలేదు. తర్వాత పాత 50 స్టెమ్ మళ్లీ బిగిస్తే ఎక్కుడులో చక్రం కూడా నేలను పట్టుకుంది. నెల రోజులు అలాగే తొక్కనిచ్చి, అప్పుడు కోశాను. ఆ ముక్కలే మీ చేతుల్లో తిరుగుతున్నవి.

మీలో ఎంతమంది మీ హ్యాండిల్‌బార్‌ను టేపు పెట్టి కొలిచారు? చేతులెత్తండి. నలుగురు! సరే, అందరూ ఒకసారి లేవండి. పక్క గోడ దగ్గరికి వెళ్లి, దండీలు తీస్తున్నట్టు రెండు చేతులూ గోడకు ఆనించి తొయ్యండి. ఎక్కడ ఎక్కువ బలం వస్తోందో అక్కడ చేతులు ఆపండి. ఇప్పుడు కుడి అరచేతి వెలుపలి అంచు నుంచి ఎడమ అరచేతి వెలుపలి అంచు దాకా పక్కవాళ్లను కొలవమనండి. అది తుది కొలత అనుకోకండి, అక్కడ మొదలుపెట్టాలి. వేగంగా దిగేవాళ్లకు ఇంకొంచెం వెడల్పు కావాలి, చెట్ల మధ్య ఇరుకు దారుల్లో తిరిగేవాళ్లకు కొంచెం తక్కువ కావాలి. కూర్చోండి.

ఈ కొలతలు ఎప్పుడూ ఒకేలా లేవు. కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీద 1976లో మొదలైన రీప్యాక్ పందెం గురించి నేను చెప్పకుండా ఉండలేను. లావు టైర్ల పాత సైకిళ్లు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. దిగేసరికి చక్రం నడిమి హబ్బులో గ్రీజు కాలి పొగైపోయేది, విప్పి మళ్లీ కూరాల్సి వచ్చేది, ఇంగ్లీషులో చెప్పాలంటే రీప్యాక్ చెయ్యాల్సి వచ్చేది. ఆ పందేనికి పేరు అలా వచ్చింది. వాళ్లవి మోటారు సైకిళ్ల తరహా వెడల్పాటి హ్యాండిళ్లు. తర్వాత 1990ల్లో క్రాస్ కంట్రీ పందేల ఊపులో బార్లు 560, 580కి కుదించుకుపోయాయి, స్టెమ్‌లు 120, 130కి సాగాయి. ఇప్పుడేమో 780, 800 బార్లు, 35 నుంచి 50 దాకా స్టెమ్‌లు. ఫ్రేములు పొడవయ్యాయి, ముందు ఫోర్కు మరింత వాలింది కాబట్టి పొట్టి స్టెమ్ వాటికి నప్పుతుంది. అదే 35 స్టెమ్‌ను పాత పొట్టి ఫ్రేముకు పెట్టి చూడండి, మోకాళ్లు చేతులకు తగులుతాయి. చేతుల బలమూ, ఫ్రేము పొడవూ చూడకుండా కాలాన్ని అనుసరిస్తే ఇంతే.

నా ఫిర్యాదు ఒక్కటే. తయారుచేసేవాళ్లు బారును పొడవుగా ఇచ్చేది కోసుకోమనే. చాలా బార్ల కొసల్లో కోత గీతలు కూడా అచ్చువేసి ఉంటాయి. కోసినదాన్ని పెంచలేరు కాబట్టి ఎక్కువే ఇస్తారు. మనం మాత్రం ఆ 800ని వైద్యుడి చీటీలా నెత్తిన పెట్టుకుంటున్నాం. పొట్టివాళ్లు, సన్నని భుజాల వాళ్లు, కొత్తగా వచ్చిన ఆడపిల్లలు తమకే చేతకాదనుకుని బైకు మూలన పెట్టేస్తున్నారు. మీ బృందంలో అలా మానేసిన వాళ్లెవరైనా ఉంటే, దయచేసి ఈ వారమే వాళ్ల బైకు గ్రిప్పులు లోపలికి జరిపి చూడండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. కోత గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒక్కో వైపు 5 మిల్లీమీటర్ల చొప్పునే తగ్గించండి, మధ్యలో తొక్కి చూడండి. వంపు మొదలయ్యే చోటు దాటి లివర్లు లోపలికి జరగవు, ఎంత కోయవచ్చో ముందే అక్కడ చూసుకోండి. కార్బన్ బారైతే తయారీదారు చెప్పిన కనీస వెడల్పు చూడాలి, సన్న పళ్ల రంపం వాడాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బారు మధ్య లావు 31.8 ఉందో 35 ఉందో చూడకుండా స్టెమ్ కొనకండి. బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి ఎదురుబొదురుగా, స్టెమ్ మీద రాసి ఉన్న బిగువు మేరకే బిగించండి.

కోసిన కొసను ఆకురాయితో నున్నగా చేసి మూత పెట్టడం మాత్రం మరవకండి. ఆ ముక్క ఇప్పుడు ఎవరి దగ్గరుంది? మీ దగ్గరా అమ్మా? దాన్ని అరచేతికి ఆనించి కొంచెం నొక్కండి. చూశారా, గుండ్రంగా ఎర్రటి గుర్తు పడింది. మీరు నొక్కింది వేలి బలంతోనే. కింద పడేటప్పుడు ఒంటి బరువంతా దాని మీద ఉంటుంది.

ముక్కలు రెండూ ముందుకు పంపించండి. వాటిని చెల్లెలికి తిరిగి ఇవ్వాలి, తను జాగ్రత్తగా దాచుకుంటుంది.